కంటి దగ్గరి కటకం కథ

టెలిస్కోపు కొనబోతున్నారా? 'ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తుంది?' అన్నదే మీ మొదటి ప్రశ్నయితే కాస్త ఆగండి.

1610లో గెలీలియోకు బృహస్పతి ఉపగ్రహాలను చూపిన టెలిస్కోపు ఆవర్ధనం సుమారు 20 రెట్లు. కాని అందులో నిండు చంద్రుడు ఒకేసారి పూర్తిగా కనిపించేవాడు కాదు! కంటి దగ్గర ఆయన అమర్చిన పుటాకార కటకమే అందుకు కారణం. అక్కడ కుంభాకార కటకం వాడవచ్చని 1611లో కెప్లర్ సూచించాడు. ప్రతిబింబం తలకిందులైనా, కనిపించే ఆకాశం విశాలమయింది. అయితే ఒంటి కటకంతో ప్రతిబింబం చుట్టూ రంగులు కనిపించేవి. 1660లలో హైగెన్స్ రెండు కటకాలను జతచేసి ఆ దోషాన్ని తగ్గించాడు. 1860లో వియన్నాలో ప్లాజల్ రూపొందించిన నాలుగు కటకాల అమరికను ఔత్సాహికులు నేటికీ వాడుతున్నారు.

ఇక మీ ఎంపిక. వస్తుకటక నాభ్యంతరాన్ని అక్షికటక నాభ్యంతరంతో భాగిస్తే ఆవర్ధనం వస్తుంది. 900 మి.మీ. టెలిస్కోపుకు 25 మి.మీ. అక్షికటకం అమరిస్తే 36 రెట్లు, 9 మి.మీ.ది అమరిస్తే 100 రెట్లు. ఆవర్ధనం పెరిగినకొద్దీ ప్రతిబింబం మసకబారుతుంది, కనిపించే ఆకాశం కుంచించుకుపోతుంది. అందుకే ముందు 25 మి.మీ.తో వెతకండి, తర్వాతే 9 మి.మీ.కు మారండి. మొదటి రాత్రి చంద్రుణ్ణే చూడండి. గెలీలియోకు ఒకేసారి కనిపించని నిండు బింబం మీకు కనిపిస్తుంది.