సోమనాథుని వసంతము – మైనరు స్వరసూచిక

రాగవిబోధమును 1609లో రచించిన సోమనాథుడు ధవళేశ్వరమునకు ఎగువనున్న రాజమహేంద్రవర ప్రాంతపు ఆంధ్రుడని సంగీతచరిత్రకారులు చెప్పుదురు. ఆతని వసంతరాగపు వరుసను సర్ విలియం జోన్సు పాశ్చాత్య స్వరలిపిలోనికి మార్చి, జయదేవుని వసంతవర్ణనాష్టపదికి కూర్చెను. 1784లో వ్రాయబడిన ఆ వ్యాసము విస్తరింపబడి 1792లో ఏషియాటిక్ రిసెర్చెస్ మూడవ సంపుటమున వెలువడినది. జోన్సు ఆ వరుసకు 'ఎ' మేజరు నెన్నుకొనెను. గీతమందలి విరహవేదనకు మాత్రము తమ సంగీతమున మైనరునకు మారవలసియుండునని తలచెను. ఈ తలంపు ఎంతవరకు గ్రాహ్యమో విచారింతము.

పంక్తి మొదట నుంచు చిహ్నములను పాశ్చాత్యులు కీ సిగ్నేచరు అందురు. మేము స్వరసూచిక యనుచున్నాము. 'ఎ' మేజరు సూచికలో మూడు షార్పులుండును. 'ఎ' షడ్జమైనప్పుడు అవి గాంధార ధైవత నిషాదములకు చెందును. ఇది మన 29వ మేళము, ధీరశంకరాభరణము. షడ్జమును కదల్పక ఆ మూడింటిని తొలగించినచో సాధారణ గాంధారము, శుద్ధ ధైవతము, కైశికి నిషాదము లభించును. ఇదియే 'ఎ' మైనరు; మనకు 20వదగు నఠభైరవి. నిషాదమును హెచ్చించిన 21వదగు కీరవాణి యగును. ఆరోహణమున ధైవతమును కూడ హెచ్చించిన 23వదగు గౌరీమనోహరి స్వరములు వచ్చును. అవరోహణమున మరల నఠభైరవియే. ఈ హెచ్చింపులు సూచికలో చేరవు, వచ్చినచోటనే గుర్తింపబడును. కావున మూడు మైనరులకును సూచిక యొక్కటే.

మూడు షార్పులు కనబడినంతనే మేజరని నిశ్చయించుటయు తగదు. 'ఎ' మేజరు ధైవతమును షడ్జముగా గ్రహించినచో 'ఎఫ్ షార్పు' మైనరు ఏర్పడును, సూచిక మారదు. మనవారు దీనిని గ్రహభేదమందురు. ధవళేశ్వరము కడ ఒకే గోదావరి గౌతమీ వసిష్ఠలుగా చీలినట్లు, ఒకే స్వరసముదాయము షడ్జమునుబట్టి వేరు త్రోవలు పట్టును.

పై మేళసంఖ్యలు సోమనాథునివి కావు. వేంకటమఖి 17వ శతాబ్దిలో 72 మేళములను ప్రస్తరించిన పిమ్మట వచ్చిన సంప్రదాయమునకు చెందినవి. వానిని పోలికకే గ్రహించితిమి.

ఇక వేదనకు మైనరే తగునను నియమము మనకు లేదు. నీలాంబరి ధీరశంకరాభరణ జన్యము. అంతర గాంధారముతోనే అది ఆర్ద్రతను పలికించును. రాగభావము స్వరస్థానములచేతనే గాక గమకముచేతను, సంచారముచేతను సిద్ధించును. సోమనాథుడు పంచమ వివేకమున వీణావాదన భేదములకు ప్రత్యేక సంకేతములు కల్పించుటకు ఇదియే హేతువని మా అభిప్రాయము. పాశ్చాత్య స్వరసూచికలో వానికి తావులేదు.

కావున ప్రాచీన లక్ష్యమును పాశ్చాత్య లిపిలో చదువు పరిశోధకులు మొదట షడ్జమును, పిదప స్వరస్థానములను, తుదకు గమకసంకేతములను నిర్ణయించుకొనవలెను. సూచికను మాత్రమే నమ్మినచో సోమనాథుని స్వరములు దక్కవచ్చును గాని, ఆతని వసంతము దక్కదు.