బండి తాళం ఎవరి చేతికి?

అంబాసిడర్ రోజుల్లో గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే ఉండేది. కారున్న ఇళ్లలో చాలావరకు డ్రైవరూ ఉండేవాడు. షెడ్డుకి తీసుకెళ్లేదీ, దగ్గరుండి బాగుచేయించేదీ ఆయనే.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. గేరు రాడ్డు సీట్ల మధ్యకి దిగింది. మధ్యతరగతి ఇంటాయన తనే నడపడం మొదలుపెట్టాడు. షెడ్డులో రోజంతా కూర్చునే తీరిక ఆయనకేదీ? తాళం అక్కడి కుర్రాడికిచ్చి పనికి వెళ్లాల్సిందే.

అమెరికాలో ఆటోమేటిక్ కార్లే ఎక్కువ కాబట్టి అక్కడ గేర్ల బండి ఇస్తే "మీకు నడపడం వచ్చా?" అని అడగాలి. మన నరసరావుపేట, మాచర్లల్లో ఆ ప్రశ్నే రాదు. కానీ 2014లో అంబాసిడర్ తయారీ ఆగింది. అదే ఏడాది క్లచ్ పెడల్ లేని సెలేరియో వచ్చింది. రేపు మనమూ అడగాల్సి వస్తుందేమో!

అయినా గేర్లు వేయడం వస్తే సరిపోదండీ. క్లచ్ మీద కాలు ఆనించే అలవాటుంటే ప్లేటు అరుగుతుంది. అది మార్చాలంటే గేరుబాక్సు దించాలి. ఆ ఖర్చు పడేది ఇంటి బడ్జెట్ మీదే. అందుకే తాళం ఇచ్చే ముందు బండి ఎవరు నడుపుతారో అడగండి, కిలోమీటర్ల రీడింగు జాబ్ కార్డులో రాయించండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.