ముడి చూసే రెండో మనిషి

మన ఊళ్ళల్లో గోడలెక్కే కుర్రాడంటే పనికిమాలినవాడని లెక్క. ఇప్పుడు అదే గోడని డబ్బులిచ్చి మరీ ఎక్కుతున్నాం. ఎమ్మెస్‌కి వెళ్ళిన పిల్లలకి యూనివర్సిటీ ఔట్‌డోర్ క్లబ్బు గోడ, బెంగుళూరు, హైదరాబాదు ఉద్యోగులకి వీకెండు జిమ్ము. మంచిదే. కానీ అక్కడ రాసిపెట్టిన రూల్సుని మనం లైసెన్సు అగ్రిమెంటు చదివినట్టే చదువుతాం, అంటే చదవం. ఆ రూల్సు ఎలా పుట్టాయో తెలిస్తే చదువుతామేమో.

1865 జులై 14న మాటర్‌హార్న్ శిఖరాన్ని మొదటిసారి ఎక్కిన ఏడుగురు దిగుతున్నారు. ఒకడు జారాడు, ఇంకో ముగ్గురిని లాగాడు, తాడు తెగింది. నలుగురూ పోయారు. గట్టి తాళ్ళు వాళ్ళ దగ్గరే ఉన్నాయి. తెగింది మాత్రం వాటిల్లో బలహీనమైనది!

తర్వాత వందేళ్ళలో తాడు మారిపోయింది. నార పోయి నైలాన్ వచ్చింది. 1953లో జర్మనీ కంపెనీ ఎడెల్‌రిడ్ లోపల పోగులు, పైన అల్లిక తొడుగు ఉన్న తాడు తెచ్చింది. నడుముకి తాడు చుట్టుకునే రోజులు పోయి, 1970ల్లో తొడలకీ నడుముకీ పట్టే హార్నెస్ వచ్చింది. ఈ మధ్యలోనే, 1964లో, లీడ్స్ యూనివర్సిటీలో వ్యాయామం లెక్చరర్ డాన్ రాబిన్సన్ ఓ కారిడార్ గోడలో రాతిముక్కలు పొదిగించాడు. ఇప్పటి కాలేజీ గోడలకి అది తాత లాంటిది.

సరే, సామాను బాగుపడింది. మనిషో?

1989లో ఫ్రాన్సులోని బ్యూక్స్ దగ్గర లిన్ హిల్ పడిపోయింది. అప్పటికి ప్రపంచంలో మేటి క్లైంబర్లలో ఆమె ఒకరు. పైగా అది వార్మప్‌కి ఎక్కిన తేలిక దారి. హార్నెస్‌లోంచి తాడు దూర్చి, ముడి పూర్తి చెయ్యకుండా షూ వేసుకోడానికి వెళ్ళింది. పైన జాకెట్ ఉండటంతో ఆ సగం ముడి ఎవరికీ కనపడలేదు. పైకెళ్ళి తాడు మీద వాలగానే దాదాపు 70 అడుగుల నుంచి కింద పడింది. చెట్టుకొమ్మలు అడ్డుపడి బతికింది.

తాడు తెగలేదు, పరికరం చెడలేదు. ఒక పని సగంలో ఆగింది, అంతే. మన కోడ్‌లో తప్పు మనకి కనపడదనే కదా రివ్యూ పెట్టుకున్నాం? ఇక్కడా అంతే. ఎక్కేవాడి ముడి, బకిల్ కింద తాడు పట్టుకునేవాడు చూడాలి. అతని పరికరంలో తాడు సరైన వైపు దూరిందా, కారబినర్ లాక్ పడిందా అని ఎక్కేవాడు చూడాలి. నోటితో అడిగితే చాలదు, చేత్తో లాగి చూడాలి. ఇరవయ్యోసారి కూడా. కిందివాడు బ్రేకు చెయ్యి వదలకూడదు. ఆటో బిలే అయితే నేల వదిలేముందే క్లిప్ తగిలించుకోవాలి. తాడు లేని చిన్న గోడ దగ్గర ఎక్కేవాళ్ళ కింద నిలబడకూడదు. పడితే రెండు కాళ్ళ మీద, మోకాళ్ళు వంచి పడాలి, చెయ్యి వెనక్కి ఆనించకూడదు. ఉంగరాలు, అమ్మ కట్టిన తాయెత్తుతో సహా, తీసి బ్యాగులో పెట్టండి.

గాండ్లపెంట, కదిరి వైపు కొండలకీ గుండ్లకీ కొదవ లేదు. గొర్రెల వెనకాల తిరిగే పిల్లాడికి గుండెక్కడం ఎవరూ నేర్పక్కర్లేదు. నేర్పాల్సింది పడకుండా ఉండటం, పడ్డా బతకడం. భువనగిరి కొండ మీద మొదటి పాఠాలు నేర్చుకున్న మాలావత్ పూర్ణ, గురుకుల పాఠశాల విద్యార్థిని, 2014 మే 25న పద్నాలుగేళ్ళు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. ధైర్యం మన పిల్లల్లో ఉంది. నేర్పేవాళ్ళూ, పద్ధతీ ఉండాలి.

2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం తాటిచెట్లెక్కే గీత కార్మికులకి కాటమయ్య రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. తరాలుగా మోకు ఒక్కటే నమ్ముకుని ఎక్కినవాళ్ళకి ఇన్నాళ్ళకి రెండో ఆధారం! వాళ్ళకది బతుకుతెరువు, మనకి సరదా. సరదా కోసం ఎక్కే మనం ఒక్క నిమిషం ఆగి ముడి చూసుకోలేమా?