పాలకవర్గాన్ని దింపేది ఎవరు?

పల్లెలో పదిమంది కలిసి ఒక సంఘం పెట్టుకుంటే అధ్యక్షుడెవరు, కార్యదర్శి ఎవరు అన్న ప్రశ్నలే ముందుగా తలెత్తుతాయి. వాటికన్నా పెద్ద ప్రశ్న ఒకటుంది: ఆ పాలకవర్గాన్ని గద్దె దింపే అధికారం ఎవరిది? మన గ్రామీణ సహకార సంఘాల చరిత్ర చాలావరకు ఈ ప్రశ్న చుట్టూనే తిరిగిందని నాకు తోస్తుంది.

దీని మూలాలు జర్మనీలో ఉన్నాయి. రైతులను వడ్డీ వ్యాపారుల బారినుండి తప్పించడానికి ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ రైఫైజెన్ 1864లో హెడ్డెస్‌డోర్ఫ్‌లో ఒక ఋణ సంఘాన్ని స్థాపించాడు. ఆయన పద్ధతిలో సభ్యులందరి మహాసభ, అది ఎన్నుకొనే కార్యవర్గం, ఆ కార్యవర్గాన్ని కనిపెట్టి ఉండే పర్యవేక్షక మండలి ఉండేవి. లెక్కలు వ్రాసేవానికి తప్ప ఎవరికీ జీతం లేదు. మిగులును పంచుకోకుండా సంఘపు నిధికే జమకట్టేవారు. సంఘం అప్పులకు సభ్యులందరూ అపరిమిత బాధ్యులు. కనుక కార్యవర్గం దారి తప్పితే ఆ నష్టం ప్రతి సభ్యుని గడపకూ వచ్చేది. అందుకే ప్రతివారూ సంఘంపై ఒక కన్ను వేసి ఉంచేవారు.

మద్రాసు ప్రభుత్వం కోరగా ఈ పద్ధతిని పరిశీలించిన ఫ్రెడరిక్ నికల్సన్ 1895, 1897 సంవత్సరాలలో తన నివేదికలను సమర్పించాడు. మన పల్లెలకు రైఫైజెన్ మార్గమే తగినదని ఆయన అభిప్రాయం. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. అయితే జర్మనీలో సంఘాలు ముందు పుట్టి చట్టం తరువాత వచ్చింది. ఇక్కడ చట్టమూ, దానితోపాటు రిజిస్ట్రారూ ముందు వచ్చి, సంఘాలు ఆ వెనుక పుట్టాయి. తనిఖీ చేసే అధికారమూ, రద్దుచేసే అధికారమూ మొదటినుంచీ రిజిస్ట్రారు చేతిలోనే ఉన్నాయి.

స్వాతంత్ర్యానంతరం ఆ పట్టు ఇంకా బిగిసింది. సంఘాలలో ప్రభుత్వం వాటా ధనం పెట్టాలనీ, డైరెక్టర్లలో మూడవ వంతు వరకు తానే నియమించుకోవచ్చుననీ 1954లో గ్రామీణ పరపతి సర్వే సంఘం సూచించింది. సొమ్ము వెంట పెత్తనం వచ్చింది. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం క్రింద ఎన్నికైన పాలకవర్గాన్ని తొలగించి, దాని స్థానంలో 'పర్సన్ ఇన్‌చార్జి'ని కూర్చోబెట్టవచ్చు. పాలకవర్గం చూపు మహాసభ వైపునుండి అధికారి గది వైపుకు మళ్ళడంలో వింతేముంది?

ఈ ప్రవాహానికి 1995లో అడ్డుకట్ట పడింది. పరస్పర సహాయక సహకార సంఘాల చట్టాన్ని దేశంలో మొట్టమొదట తెచ్చినది ఆంధ్రప్రదేశే. దీని క్రింద నమోదైన సంఘంలో ప్రభుత్వానికి వాటా ఉండదు. పాలకవర్గాన్ని తొలగించే అధికారమూ ఉండదు. ఆ స్వేచ్ఛకు ప్రతిగా పాలకవర్గానికి ఒక షరతు పెట్టారు: గడువులోగా ఎన్నికలు జరపని, మహాసభ పిలవని, లెక్కల తనిఖీ చేయించని డైరెక్టర్లు ఆ పదవికి అనర్హులవుతారు. ఇది నాకు మిక్కిలి నచ్చిన ఏర్పాటు. శిక్ష సంఘానికి కాదు, బాధ్యత మరచినవారికి.

2006లో ప్రభుత్వం పాడి సహకార సంఘాలను మళ్ళీ పాత చట్టం క్రిందికి లాగబోయింది. హైకోర్టు ఆ ప్రయత్నాన్ని కొట్టివేయగా, 2011లో సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయపరచింది.

కోర్టు చేయగలిగినది అంతవరకే. మహాసభనాడు సభ్యులు రాకుంటే, వచ్చినా జమాఖర్చులు అడగకుంటే, చట్టం ఇచ్చిన హక్కు కాగితం మీదనే మిగులుతుంది. అపరిమిత బాధ్యత ఉన్న రోజులలో భయం మనుషులను సభకు రప్పించింది. ఆ భయం పోయిన తరువాత వారిని రప్పించవలసినది ఏమిటి? మీ ఊరి సంఘంలో కిందటి మహాసభకు ఎందరు వచ్చారో ఒకసారి వాకబు చేసి చూడండి. పాలకవర్గం ఎవరి మాట వింటుందో ఆ లెక్కే చెబుతుంది.