నీటి వేడి – ప్లవకాల జీవక్రియ: ఒక ప్రశ్న చరిత్ర

1. పరిచయం

నల్లగొండ పక్కన పానగల్లులో కందూరు చోడుల కాలపు చెరువు పేరు ఉదయ సముద్రం. పెద్ద చెరువును 'సముద్రం' అనడం తెలంగాణలో పాత వాడుక. అసలు సముద్రానికి ఇంత దూరంలో ఉన్న మీరు సముద్ర ప్లవకాల గురించి ఎందుకు చదవాలి? ఎండాకాలం తెల్లవారుజామున చెరువులో చేపలు నోళ్లు తెరుచుకొని పైకి తేలడం మీలో కొందరు చూసే ఉంటారు. అందుకు కారణం ఈ పాఠం చివర తెలుస్తుంది.

2. తొలి అంచనా

నీటిలో తేలుతూ ప్రవాహంతో పాటు కదిలే జీవులే ప్లవకాలు. వీటికి సొంత ఒంటివేడి ఉండదు. అందువల్ల నీటి వేడిని బట్టే వీటి జీవక్రియ సాగుతుంది. 1884లో డచ్ శాస్త్రవేత్త వాంట్ హాఫ్ రసాయన చర్యల వేగంపై ఉష్ణోగ్రత ప్రభావాన్ని వివరించాడు. 10 డిగ్రీలు పెరిగితే ఆ వేగం సుమారు రెండు మూడు రెట్లవుతుందన్న సూత్రం ఆయన పేరుతోనే నిలిచింది. జీవక్రియ కూడా రసాయన చర్యే కదా. అలాగైతే వెచ్చని సముద్రాలలోనే ప్లవకాలు ఎక్కువగా ఉండాలి.

3. అంచనా తప్పింది

'ప్లాంక్టన్' అనే పేరు పెట్టిన జర్మన్ శాస్త్రవేత్త విక్టర్ హెన్సెన్ 1889లో 'నేషనల్' అనే ఓడపై అట్లాంటిక్‌లో వలలు వేసి ప్లవకాలను లెక్కించాడు. చల్లని ఉత్తర జలాల కంటే ఉష్ణమండల జలాలలోనే అవి తక్కువగా దొరికాయి. వెచ్చని నీటిలో బ్యాక్టీరియా చురుకై నత్రజని లవణాలను హరిస్తుందని కార్ల్ బ్రాంట్ వాదించాడు. లోతు నీరు పైకి వచ్చి కలిస్తేనే పై పొరకు పోషకాలు అందుతాయని 1906లో నాథన్‌సోన్ చెప్పాడు. తరువాతి పరిశోధనలు ఈ రెండో వివరణ వైపే మొగ్గాయి. వేడెక్కిన పై నీరు తేలికై మూతలా నిలుస్తుంది, కింది పోషకాలను పైకి రానివ్వదు.

4. మన తీరంలో

1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త లాఫాండ్ వాల్తేరు తీరంలో వసంతకాలంలో అడుగు నీరు పైకి రావడాన్ని వివరించాడు. అక్కడే పి.ఎన్. గణపతి, ఆయన సహచరులు ఆ తీరపు నీటినీ ప్లవకాలనూ పరిశీలించారు. అడుగు నుంచి వచ్చే నీరు చల్లనిదే అయినా పోషకాలు మోసుకొస్తుంది, కనుక వృక్షప్లవకాలు పెరుగుతాయి. 1972లో ఎప్లీ లెక్క తేల్చాడు: వెలుతురు, పోషకాలు చాలినప్పుడు వృక్షప్లవకాల గరిష్ఠ వృద్ధిరేటు 10 డిగ్రీలకు దాదాపు 1.9 రెట్లవుతుంది. అంటే వేడి వేగాన్ని ఇస్తుంది, ఆహారాన్ని ఇవ్వదు.

5. మన చెరువులలో

ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎ.ఆర్. జాఫర్, ఎం. మునవర్ హైదరాబాదు చెరువుల శైవలాలను అధ్యయనం చేశారు. జాఫర్ 1964లో, మునవర్ 1970లో తమ ఫలితాలను ప్రచురించారు.

చెరువుకు పోషకాల కొరత సాధారణంగా ఉండదు. పేడ, ఎరువులు, మురుగు దానిలోకే చేరతాయి. కాబట్టి ఎండాకాలంలో నీరు పచ్చబడుతుంది. ఇప్పుడు రెండు విషయాలు గమనించండి. ఒకటి, 20 డిగ్రీల మంచినీటిలో లీటరుకు సుమారు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల వద్ద 7.6 మాత్రమే కరుగుతుంది. రెండు, వేడికి శ్వాసక్రియ వేగం పెరుగుతుంది. పగలు ఆక్సిజన్ ఇచ్చిన ప్లవకాలే రాత్రి దాన్ని వాడుకుంటాయి. చేపలు, బ్యాక్టీరియా కూడా అదే నిల్వ మీద బతుకుతాయి. తెల్లవారేసరికి నిల్వ అడుగంటుతుంది.

అందుకే నీరు చిక్కగా పచ్చబడిన ఎండాకాలంలో పేడ, యూరియా వేయకూడదు. తెల్లవారకముందే మోటారుతో నీటిని పైకి చిమ్మితే గాలి కలిసి చేపలు బతికే అవకాశం ఉంటుంది. చెరువును నమ్ముకున్న మత్స్యకార కుటుంబాలకు ఏడాది రాబడి ఒక్క రాత్రిలో పోకుండా ఇది కాపాడగలదు.

6. మీ ప్రగతిని పరీక్షించుకోండి

అ) హెన్సెన్ ఫలితాలు తొలి అంచనాకు ఎలా విరుద్ధమయ్యాయి?
ఆ) చెరువులో చేపలు మధ్యాహ్నం కాక తెల్లవారుజామునే ఎందుకు తేలతాయి?