ఢాకా కుట్టుమిషన్లు: చౌక ఫ్యాషన్ నడిచిన దారి

ప్రపంచానికి రెడీమేడ్ బట్టలు కుట్టి పంపే పెద్ద దేశాల్లో బంగ్లాదేశ్ ఒకటి. యాభై ఏళ్ల కిందట అక్కడ ఈ పరిశ్రమ లేదనే చెప్పాలి. ఆనాడు జనపనారే ప్రధాన ఎగుమతి.

ఈ మార్పుకు బీజం పడింది వాణిజ్య నిబంధనల్లో. ధనిక దేశాలు తమ మిల్లులను కాపాడుకోవడానికి 1974లో మల్టీ ఫైబర్ ఒప్పందం తెచ్చి, ఒక్కో దేశం నుంచి వచ్చే బట్టలకు కోటా పెట్టాయి. కోటాలతో చేతులు కట్టేసినట్టయిన దక్షిణ కొరియా సంస్థ దేవూ, అప్పటికి కోటా లేని బంగ్లాదేశ్‌లో దేశ్ గార్మెంట్స్‌తో చేతులు కలిపింది. 1979లో సుమారు 130 మంది పూసాన్ వెళ్లి ఆరు నెలలు పని నేర్చుకున్నారు. తిరిగొచ్చాక వారిలో చాలామంది వేరే ఫ్యాక్టరీలకు మారారు, కొందరు సొంతంగా పెట్టుకున్నారు. పని అలా దేశమంతా పాకింది. పల్లెల నుంచి వచ్చిన లక్షలాది ఆడవాళ్ల చేతికి మొదటిసారి నెల జీతం అందింది.

ఈలోగా యూరప్ దుకాణాల్లో అమ్మకం తీరు మారింది. 1975లో స్పెయిన్‌లోని లా కొరునాలో తొలి దుకాణం తెరిచిన జారా, కొత్త డిజైన్‌ను కొద్ది వారాల్లోనే అమ్మకానికి తేవడం అలవాటు చేసింది. పెట్రోలియం నుంచి తీసే పాలియెస్టర్ బట్టను మరింత చౌక చేసింది. 2005 జనవరి 1న కోటాలు తొలగాక ఆర్డర్ల కోసం దేశాల మధ్య ధరల పోటీ ముదిరింది. తగ్గించిన ధర, కుదించిన గడువు రెండూ చివరికి మిషను ముందు కూర్చున్న మనిషి మీదే పడ్డాయి.

2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర సావర్‌లో గార్మెంట్ ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ముందురోజే గోడలు బీటలు వారాయి. కింది అంతస్తులోని బ్యాంకు తన సిబ్బందిని పంపేసింది. గార్మెంట్ కార్మికులను మాత్రం మర్నాడు పనిలోకి రప్పించారు.

ఆ మేలోనే కార్మిక సంఘాలు, విదేశీ బ్రాండ్లు ఫ్యాక్టరీల భద్రతపై చట్టపరంగా కట్టుబడే ‘అకార్డ్’ ఒప్పందం చేసుకున్నాయి. సుమారు 1,600 ఫ్యాక్టరీల్లో తనిఖీలు జరిగాయి, అగ్నిమాపక ద్వారాలు, స్తంభాలు బాగుపడ్డాయి. స్వచ్ఛంద హామీలు చేయలేని పనిని బాధ్యత రాతపూర్వకమయ్యాక చేయగలిగారు.

మిగతా పరిష్కారాలకూ దారి ఇదే. వృథాను అరికట్టేందుకు, అమ్ముడుపోని బట్టలను ధ్వంసం చేయరాదని ఫ్రాన్స్ 2020లో చట్టం చేసింది. కార్మికుడికి గిట్టుబాటయ్యే ధర, కుట్టడానికి సరిపడా గడువు కూడా కొనుగోలు ఒప్పందంలోకి ఎక్కాలి. భవనం భద్రతకు దొరికిన పూచీ బతుకు భద్రతకూ అప్పుడే దొరుకుతుంది.