విమానయాన నిర్వహణ పదజాలం: దక్కన్ ఎయిర్‌వేస్ చరిత్ర నేపథ్యంలో ఒక పరిశీలన

విమానమనే మాట యంత్రవిమానం కంటె చాలా ముందే తెలుగువారికి తెలుసు. పుష్పక విమానం రామాయణ కథతోపాటు వచ్చింది. గర్భాలయంపై లేచే కట్టడానికీ అదే పేరు. ‘వి’ అనే ఉపసర్గ, కొలుచుట అనే అర్థం గల ధాతువు కలిసి ఏర్పడిన ఈ శబ్దం 20వ శతాబ్దంలో యంత్రవాహనానికి సులభంగా అమరింది. నౌకాశ్రయమనే సమాసం పోలికతో విమానాశ్రయమూ వాడుకలోకి వచ్చింది. అయితే వాహనానికి పేరు పెట్టడం వేరు. పది పన్నెండు వాహనాలను ఏ రోజు ఏ ఊరికి, ఎవరిచేత, ఎన్ని గంటలు నడిపించాలో నిర్ణయించే పనికి పేర్లు పెట్టడం వేరు. ఈ రెండవ పనికి చెందిన భావనలు హైదరాబాదులో 1946 నాటికే ఆచరణలో ఉన్నాయి. వాటికి తెలుగు మాటలు నిలవకపోవడానికి కారణాన్ని భాష అశక్తతలో కాక సంస్థల చరిత్రలో వెదకవలసి ఉంటుంది.

నిజాం ప్రభుత్వ రైల్వే 1932లో బస్సులు నడపడం ప్రారంభించింది. మొదట ఉన్నవి 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లో నిజాం ప్రభుత్వం, టాటా సంస్థ కలిసి దక్కన్ ఎయిర్‌వేస్‌ను నెలకొల్పాయి. అందులో అధిక వాటా ప్రభుత్వానిది. 1946లో బేగంపేట కేంద్రంగా క్రమబద్ధమైన సేవలు మొదలయ్యాయి. ఈ విధంగా రైలు, బస్సు, విమానం ఒకే రైల్వే వ్యవస్థ నీడలో పెరిగాయి. భారతదేశ రవాణా చరిత్రలో ఇది అరుదైన సన్నివేశం. రైల్వేకు కాలపట్టిక, టన్ను-మైలు, ప్రయాణికుడు-మైలు అనే లెక్కలు అప్పటికే అలవాటు. విమాన నిర్వహణకు కావలసిన గణితంలో చాలా భాగం ఆ పాత లెక్కే.

యుద్ధానంతరం మిగులు సామగ్రిగా చౌకగా లభించిన డగ్లస్ డకోటాలే దక్కన్ ఎయిర్‌వేస్ విమానాలు. ఆనాటి ఇతర భారతీయ సంస్థలలో అధికభాగం వాడుకున్నవీ అవే. ‘ఫ్లీట్’ అన్నది ఓడల నుంచి వచ్చిన మాట. దీనికి తెలుగు పత్రికలు ‘సంస్థ వద్దనున్న విమానాలు’ వంటి వివరణనే వాడుతున్నాయి. ఆ వివరణ సంఖ్యను చెబుతుంది కాని భావనను చెప్పదు. ఫ్లీట్ అంటే ఒకదాని స్థానంలో మరొకటి నిలవగల విమానాల సమూహం. అన్నీ డకోటాలే అయినప్పుడు ఒకటి మరమ్మతుకు వెళ్తే మరొకటి ఆ వేళకు బయలుదేరుతుంది; అదే పైలట్ దేనినైనా నడుపుతాడు; ఒకే విడిభాగాల గిడ్డంగి అన్నిటికీ సరిపోతుంది. రకాలు పెరిగిన కొద్దీ ఆ సౌలభ్యం తరుగుతుంది. చౌక కారణంగా సంభవించిన ఈ ఏకరూపత తరువాతి కాలపు సంస్థలకు బుద్ధిపూర్వకమైన విధానమైంది.

అయితే ఆ చౌకే ముప్పును కూడా తెచ్చింది. విమానం తేలికగా దొరకడంతో సంస్థలు ఎక్కువయ్యాయి. వాటన్నిటికీ చాలినంత ప్రయాణికులు లేరు. ఇక్కడ ‘వినియోగం’ అనే భావన కీలకమవుతుంది. నేలపై నిలిచిన విమానం పైసా సంపాదించదు, కాని భీమా, జీతాలు, తరుగుదల ఆగవు. అందుచేత విమానం ఖరీదు కంటె అది రోజుకు ఎన్ని గంటలు నడిచిందన్నదే సంస్థ బతుకును నిర్ణయిస్తుంది. ఆ గంటలను ‘బ్లాక్ అవర్స్’ అంటారు. ఇది రైల్వే బ్లాక్ సెక్షన్ నుంచి వచ్చిందని భ్రమపడే అవకాశముంది. నిజానికి అది నిలిచిన విమానం చక్రాలకు అడ్డంగా పెట్టే కొయ్యదిమ్మెల పేరు. దిమ్మె తీసి విమానం కదిలినది మొదలు, గమ్యంలో మళ్లీ దిమ్మె పెట్టే వరకు గల కాలమే బ్లాక్ కాలం. 1950లో న్యాయమూర్తి రాజాధ్యక్ష అధ్యక్షతన పనిచేసిన విమానరవాణా విచారణ సంఘం, ఉన్న రాకపోకలకు మించి సంస్థలున్నాయని, అవి స్వచ్ఛందంగా విలీనమై సంఖ్య తగ్గాలని అభిప్రాయపడింది. ఆ తీర్పు వెనుక ఉన్నది ఈ గంటల లెక్కే.

విమానం పగలే కాక రాత్రి కూడా పనిచేస్తే ఆ గంటలు పెరుగుతాయి. 1949 జనవరిలో రఫీ అహ్మద్ కిద్వాయ్ సమాచార శాఖ మంత్రిగా ఉన్నప్పుడు ప్రారంభమైన రాత్రి విమాన తపాలాకు చరిత్రకారులు ఇవ్వవలసినంత ప్రాధాన్యం ఇవ్వలేదు. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి నాలుగు విమానాలు రాత్రి బయలుదేరి నాగపూర్‌లో కలుసుకునేవి. సంచులు ఒకదాని నుంచి మరొకదానికి మారేవి. తెల్లవారేసరికి ఆ విమానాలు ఎవరి ఊరికి వారన్నట్టు తిరిగి చేరేవి. మద్రాసులో సాయంత్రం వేసిన ఉత్తరం మరునాటి ఉదయానికి ఢిల్లీలో ఉండేది. నిర్వాహక సంస్థలు మారుతూ వచ్చిన ఈ సేవలో దక్కన్ ఎయిర్‌వేస్ డకోటాలు కూడా కొంతకాలం పాల్గొన్నాయి.

ఇందులోని లెక్క సరళమైనది. నాలుగు నగరాలను నేరుగా కలపాలంటే ఆరు మార్గాలు కావాలి. నడుమ ఒక కేంద్రాన్ని ఉంచితే నాలుగు చాలు. నగరాలు పదైతే నేరు మార్గాలు 45, కేంద్రం ద్వారా పది. నష్టమూ అక్కడే ఉంది: ఒక విమానం ఆలస్యమైతే మిగిలిన మూడూ వేచి ఉండాలి; నాగపూర్‌లో మబ్బు కమ్మితే దేశమంతటి ఉత్తరాలు నిలుస్తాయి. నేటి విమానయాన శాస్త్రం దీనినే ‘హబ్’ అంటుంది. ఈ పద్ధతి చరిత్రను సాధారణంగా 1973లో మెంఫిస్ కేంద్రంగా పనిచేయసాగిన ఫెడరల్ ఎక్స్‌ప్రెస్‌తోనో, 1978 నాటి అమెరికా నియంత్రణల సడలింపుతోనో ముడిపెట్టి చెబుతారు. నాగపూర్‌లో బిడ్డ పుట్టింది 1949లో. బారసాల మరెక్కడో, చాలా కాలానికి జరిగింది. పదం పుట్టిన తేదీని భావన పుట్టిన తేదీగా తీసుకునే పద్ధతిలోని లోపానికి ఇంతకంటె మంచి ఉదాహరణ అక్కరలేదు.

1953 ఆగస్టు 1న దక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా ఎనిమిది సంస్థల దేశీయ సేవలు ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషన్‌లో కలిశాయి. కొత్త సంస్థకు సంక్రమించిన 99 విమానాలలో 74 డకోటాలు. నిర్వహణ కేంద్రం ఢిల్లీకి మారింది. హైదరాబాదులో నిర్ణయాలు తీసుకున్న చోట ఇక ఆదేశాలు అందుకోవడమే మిగిలింది. దక్కన్ ఎయిర్‌వేస్ కార్యాలయాలలో తెలుగు రాజ్యమేలిందని చెప్పడానికి లేదు. సంస్థానంలో అధికారభాష ఉర్దూ, విమానాల సాంకేతిక భాష ఇంగ్లీషు. అయినా నిర్ణయం తీసుకునే గది దగ్గరగా ఉంటే ఆ గదిలోని మాట క్రమంగా గుమ్మం దాటి వీధిలోకి వస్తుంది. విమానశాఖ విషయంలో అందుకు వ్యవధి దొరకలేదు.

బస్సుశాఖకు దొరికింది. నిజాం రైల్వే నాటిన ఆ మొక్కే మార్పులు పొందుతూ 1958 జనవరిలో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ అయింది. తెలుగు పత్రికలు ఆక్యుపెన్సీ రేషియోను ‘ఓఆర్’ అని సంక్షిప్తంగా రాస్తాయి, పాఠకుడు వివరణ కోరడు. విమాన సంస్థలు ‘లోడ్ ఫాక్టర్’ అనేది స్థూలంగా ఆ లెక్కే. పల్లెటూరి ప్రయాణికుడికి ‘నైట్ హాల్ట్ బస్సు’ తెలుసు: రాత్రి చివరి ఊరిలో నిలిచి, తెల్లవారుజామున మొదటి ట్రిప్పు తీసేది. విమానాన్ని రాత్రి ఎక్కడ ఉంచితే ఉదయం మొదటి ప్రయాణానికి అనువుగా ఉంటుందన్నది విమానాల కాలపట్టిక రచనలోనూ ప్రధాన ప్రశ్నే. డిపో, ట్రిప్పు, డ్యూటీ, స్పేర్ బస్సు: ఇవి రూపంలో ఇంగ్లీషు మాటలైనా వాడుకలో తెలుగు మాటలే. ‘ఫ్లీట్ రొటేషన్’కు నిఘంటుకర్త కొత్త సంస్కృత సమాసాన్ని కూర్చవచ్చు. బస్టాండులోని కంట్రోలరు మాత్రం సాయంత్రం రాని బండికి బదులు ఏ బండిని పంపాలో, ఆ బండి రేపు ఎక్కడ నిద్ర లేవాలో రోజూ తెలుగులోనే చెబుతున్నాడు.